పన్నెండో దెబ్బ

మే 4

ఫారంలో ‘జానర్’ అని ఒక గడి ఉంది. ఒకటే గడి. తొమ్మిదేళ్ల మా కష్టాన్ని ఆ ఒక్క గడిలో ఇరికించమంటున్నారు.

ముందు ‘మెటల్’ అని రాశాను. ఉత్త మెటల్ అంటే ఇనుప కొట్టు అనుకుంటారని ‘హెవీ మెటల్’ అన్నాను. హెవీ మెటల్ వాయించేవాళ్లు బెంగళూరులో వీధికి నలుగురు ఉంటారు కాబట్టి ముందర ‘ఫోక్’ చేర్చాను. ఫోక్ అంటే మరీ పల్లెటూరి వ్యవహారం అనుకుంటారని దాని ముందర ‘ప్రోగ్రెసివ్’ చేర్చాను. ఆఖరికి ‘ప్రోగ్రెసివ్ రాయలసీమ ఫోక్ డెత్ మెటల్’ అని తేలింది. గడిలో పట్టలేదు. ‘డెత్’ తీసేశాను. పెళ్లి చీరలు అమ్ముకునే ఇల్లు, ఎవరైనా చూస్తే బాగుండదు.

జూలై అయిదున పులివెందులలో ‘సీమ సౌండ్’ అని పోటీ పెడుతున్నారు. జడ్జి రాఘవేంద్రప్రసాద్ బెంగళూరు నుంచి వస్తాడు. ఇంటర్నెట్లో మెటల్ గురించి రాసేవాళ్లలో ఆయన మాటకు తిరుగులేదు. మెటల్ విభాగంలో గెలిస్తే బెంగళూరు స్టూడియోలో పాట రికార్డు చేయిస్తారు. నాకు ముప్పై నాలుగేళ్లొచ్చాయి. ఈసారి కూడా కాకపోతే గిటారు అటకెక్కించి పూర్తిగా షాపులో కూర్చుంటానని నాయనకు మాటిచ్చాను. నాయన మనస్ఫూర్తిగా ఆశీర్వదించాడు. ఏది జరగాలని ఆశీర్వదించాడో నేను అడగలేదు.

సభ్యుల వివరాలు అడిగారు. బ్యాండు పేరు నాపరాయి. వెంకటసాయి, గిటారు, గొంతు. రాజశేఖర్, బేస్ గిటారు. చాపాడులో మేము సాధన చేసుకునే వడ్ల గోడౌనూ, స్పీకర్లూ అతనివే కాబట్టి అతను ఎలా వాయించినా మేం మాట్లాడం. అన్సర్, డ్రమ్స్. మా ప్రొద్దుటూరులోనే బీరువాలు, గేట్లు చేసే వెల్డింగ్ షాపు. తొమ్మిదేళ్లలో ఒక్క రోజు సాధనకు ఆలస్యంగా రాలేదు. అందరి ఫోన్లు, మెయిళ్లు కూడా అడిగారు, ఇచ్చాను.

మిగతా గళ్లు పెద్ద విషయమేం కాదు. నింపి పంపేశాను. ‘ఎండ’ పాట వీడియో జత చేశాను.

మే 5

‘రిథమ్ రూపకల్పన’ అనే గడిలో ఒక్క పేరు పట్టే చోటే ఇచ్చారు. ఫారం తయారు చేసినవాళ్లది తప్పు.

మే 15

నిన్న జమ్మలమడుగులో రిసెప్షన్. మధ్యాహ్నం భోజనాల వేళ వాయించాలి. పిలిచినవాళ్లు ‘ఆర్కెస్ట్రా’ అనుకుని పిలిచారు. మేము ఆర్కెస్ట్రా కాదని రాజశేఖర్ చెప్పబోతే నేనే ఆపాను. పేరులో ఏముంది, జనంలోకి పోవాలి.

‘ఎండ’ మొదలుపెట్టాం. మొదటి చరణంలో నేను గ్రౌల్ చేశాను, అంటే కడుపులోంచి తీసే ఆ బండ గొంతు. మూడేళ్లు సాధన చేస్తే వచ్చింది అది. పెళ్లికూతురి అవ్వ యశోదమ్మ విస్తరి ముందర నుంచి లేచింది. తిన్నగా స్టేజీ దగ్గరికి వచ్చి పెళ్లికొడుకు తండ్రితో, “చూస్తాండారేందప్పా, పిల్లోనికి పూనకమొచ్చింటే! యాపాకు తెండి, పసుపునీళ్లు తెండి” అంది. తెచ్చారు. రెండో చరణం పూర్తిగా తడిసిపోయి పాడాను. ఆపేశాక ఆమె నా ముందు చేతులు జోడించి, “ఏ తల్లివమ్మా నువ్వు? ఏం కావాలో అడుగు తల్లీ” అంది.

మెటల్ గాయకుడికి ఇంతకు మించిన ప్రశంస ఏ దేశంలోనూ దొరకదు. అన్సర్ మాత్రం డ్రమ్ముల వెనక తల దాచుకుని నవ్వుతూనే ఉన్నాడు. “అడిగింటే సరిపోయేది గదా మామా, బెంగళూరు టికెట్టు” అన్నాడు.

ఒక్కటే బాధ. ‘ఎండ’లో ప్రాణమంతా ఆ ఖాళీలో ఉంది. డ్రమ్ము మీద పదకొండు దెబ్బలు పడతాయి, పన్నెండోది పడాల్సిన చోట అన్ని వాయిద్యాలూ ఒక్కసారిగా ఆగిపోతాయి. ఆ నిశ్శబ్దంలో వంటవాళ్లెవరో గరిటెతో గుండిగ మీద టంగుమని కొట్టారు. ఒకసారి కాదు, ప్రతి ఖాళీలోనూ. మన జనానికి తాళజ్ఞానం రావాలంటే ఇంకా చాలా కాలం పడుతుంది.

మే 22

రాఘవేంద్రప్రసాద్ స్వయంగా ఫోన్ చేశాడు! షాపులో చీరలు మడతపెట్టే గదిలోకి పోయి తలుపేసుకున్నాను.

“మీ వీడియో ఎనిమిది సార్లు చూశానండీ. పదకొండు దెబ్బలు, తర్వాత ఆ నిశ్శబ్దం. నాకు ఒళ్లు జలదరించింది. ఫారంలో రిథమ్ మీదేనని ఉంది. ఇలాంటి ఆలోచన ఎలా వచ్చింది మీకు?” అన్నాడు.

మా డ్రమ్మర్ ఇంట్లోంచి తెచ్చిన దెబ్బ అని చెప్పొచ్చు. చెప్పాలనే అనుకున్నాను. కానీ ఆయన అడిగింది దెబ్బ సంగతి కాదు, ఆలోచన సంగతి. దెబ్బ చేతుల్లో ఉంటుంది, ఆలోచన తలలో ఉంటుంది. అన్సర్ ఎప్పుడైనా దాని గురించి ఆలోచించినట్టు నాకు కనపడలేదు.

“అది మా సీమ కరువండీ,” అన్నాను. నోట్లోంచి దానంతటదే వచ్చింది. “పదకొండు నెలలు ఎదురుచూస్తాం. పన్నెండో నెల వాన రావాలి. రాదు. ఆ రాని వానే ఆ ఖాళీ.”

ఆయన ఫోన్లోనే ముక్కు చీదుకున్నాడు. నాకు కూడా కళ్లలో నీళ్లు తిరిగాయి. సరిగ్గా అప్పుడే బయట వాన మొదలైంది. ఫోన్లో వినపడుతుందని కిటికీ మూసేశాను.

మే 23

సుధారాణికి చెప్పాను, రాని వాన గురించి. నా భార్య బడిలో లెక్కలు చెబుతుంది, ప్రతిదీ లెక్కలాగే చూస్తుంది.

“పదకొండు నెలలు మీరు యాడ ఎదురుచూసినారు? షాపులో ఏసీ కిందనా?” అంది.

కళను అర్థం చేసుకోవడానికి సహృదయం కావాలి.

జూన్ 2

ఎంపికయ్యాం! మెటల్ విభాగంలో మొత్తం నాలుగు బ్యాండ్లు.

వెంటనే అన్సర్‌కు ఫోన్ చేశాను. సంతోషించాడు, నిజంగానే సంతోషించాడు. తర్వాత తేదీ అడిగాడు. చెప్పాను.

“మామా, అయిదో తేదీ నాకు కుదరదు. పీర్ల పండగ. ఆ యాలప్పుడు నేను ఊర్లో గుండం కాడ ఉండాల” అన్నాడు.

వాడి సొంతూరు చాపాడు పక్కనే. తాత ఫకీర్ సాహెబ్ అక్కడ పీర్ల చావిడి, దాని ముందర నిప్పుల గుండం చూసుకుంటాడు. తప్పెట కూడా ఆయనే కొడతాడు. ఇంకెవరైనా కొట్టకూడదా అని అడిగాను.

“తాతకు చేతులు వణుకుతాండాయి. ఈసారి నేనే కొట్టాల. నువ్వు కూడా రా మామా, పోటీ అయినాక. ఆరో తేదీ పీర్లు నీళ్లకు పోతాయి.”

ప్రతి సంవత్సరం రమ్మంటాడు. ప్రతి సంవత్సరం వస్తానంటాను. ఏదో ఒక పని అడ్డం వస్తుంది. అయినా వాడు ఎప్పుడూ ఏమీ అనుకోలేదు, మా స్నేహం అటువంటిది.

బ్యాండుకు క్రమశిక్షణ ముఖ్యమని చెప్పాలనుకున్నాను. చెప్పలేదు. వాడి డ్రమ్స్ ముందే రికార్డు చేసుకుని స్టేజీ మీద ల్యాప్‌టాప్‌లోంచి వదులుదామన్నాను. సరేనన్నాడు.

జూన్ 11

గోడౌన్లో అన్సర్ డ్రమ్స్ రికార్డు చేశాం. ఒక్క తడవలో వాయించేశాడు. కంప్యూటర్లో గీతలు చూస్తే ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు.

నాకో ఆలోచన వచ్చింది. ఎలాగూ కంప్యూటర్లో ఉంది కదా, ఆ ఖాళీలో ఒక ఉరుము శబ్దం పెడితే ఎలా ఉంటుంది? అన్సర్ కర్రలు కింద పెట్టేశాడు.

“ఆడ ఏమీ పెట్టొద్దు మామా.”

“సన్నగా, వినీ వినపడనట్టు.”

“వద్దు. ఖాళీ ఖాళీగానే ఉండనీ. నీకు దండం పెడతా.”

ఇంత పట్టుదల వాడిలో ఎప్పుడూ చూడలేదు. ఎందుకని అడగలేదు. నా కాన్సెప్టు నాకంటే వాడికే బాగా ఎక్కినట్టుంది.

సామాను సర్దుకుంటూ అడిగాడు: “ఆ ఫారంలో ఏమేం రాస్తివి మామా?”

“మామూలే. పేర్లు, ఫోన్లు.”

“అంతేనా?”

“అంతే.”

తలూపి బండి స్టార్ట్ చేశాడు. ఎందుకడిగాడో.

జూన్ 20

పులివెందుల ఆఫీసు నుంచి జియావుల్లా అని ఒకతను ఫోన్ చేశాడు. మా పేరు భక్తి విభాగంలోకి మార్చమంటారా అని అడుగుతాడు!

“భక్తి ఎక్కడుంది బాబూ అందులో?”

“ఏమోన్నా, మేము ఆఫీసులో మీ పాట పెట్టుకొని ఇంటిమి. పీర్ల పండగ మాదిరి ఉండాది. మావోళ్లు ఇద్దరు లేసి గుండ్రంగా తిరగబట్టిరి.”

నలభై నిమిషాలు పట్టింది నాకు. హెవీ మెటల్ అంటే ఏమిటి, దాంట్లోంచి డెత్ మెటల్ ఎలా విడిపోయింది, ఫోక్ మెటల్ నార్వే వైపు ఎలా పెరిగింది, ప్రోగ్రెసివ్ అనే మాట ఎవరికి పడితే వాళ్లకు ఎందుకు వాడకూడదు, మా పాట ఈ మూడూ కలిసే చోట ఎలా నిలబడి ఉంది, అన్నీ ఓపిగ్గా చెప్పాను. అతను మధ్యలో రెండుసార్లు “ఆ” అన్నాడు. ఒకసారి ఎవరికో టీ చెప్పాడు.

“సరేలేన్నా, మెటల్ అనే రాసుకుంటా. నాదేం పోయె” అన్నాడు చివరికి.

ఇటువంటి అజ్ఞానంతో పోరాడుతూ సంగీతం చేస్తున్నాం ఇక్కడ.

జూన్ 28

అన్సర్ మెసేజ్: పీర్లను పెట్టెలోంచి తీశారట, ఊరికి రమ్మని. ఆషాఢం తగ్గింపులు మొదలయ్యాయి. షాపు వదిలి కదిలే పరిస్థితి లేదు.

జూలై 3

షాపు వదిలి రెండు రోజులుగా గోడౌన్లోనే సాధన.

జూలై 6, ఉదయం

నిన్నటిది నిన్నే రాయాల్సింది. చెయ్యి ఆడలేదు.

ఫంక్షన్ హాలు నిండిపోయింది. సాయంత్రం నాలుగు గంటలకు మా వంతు. సుధారాణి మూడో వరసలో కూర్చుంది. మేము పైకెక్కగానే రాఘవేంద్రప్రసాద్ మైకు తీసుకుని, “ఈ పాటలో ఒక నిశ్శబ్దం ఉంది. దాని అర్థం ఆ రూపకర్త నోటి నుంచే వినండి” అన్నాడు. నేను చెప్పాను. పదకొండు నెలలు, రాని వాన. ఇంతకు ముందు ఫోన్లో చెప్పినదానికంటే బాగా చెప్పాను, మధ్యలో ఆకాశం వైపు చెయ్యెత్తాను కూడా. జనంలో కొంతమంది ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కదిలిపోయారని అనుకున్నాను.

ల్యాప్‌టాప్ నొక్కాను. అన్సర్ దెబ్బలు హాలంతా మోగాయి. పదకొండు. ఖాళీ. వెనక వరసలోంచి ఒక చప్పట. మళ్లీ పదకొండు. ఖాళీలో పది చప్పట్లు. మూడోసారి సగం హాలు. నాలుగోసారికి కుర్చీల్లో ఒక్కరు కూడా లేరు. అందరూ లేచారు. పన్నెండో దెబ్బ పడాల్సిన చోట ఆరేడు వందల జతల చేతులు ఒక్కసారిగా పడ్డాయి. స్టేజీ మెట్ల దగ్గర నిలబడిన జియావుల్లా కాలితో కొట్టాడు. రాజశేఖర్ కూడా బేస్ వదిలేసి మడమతో కొట్టాడు. నడి మధ్యలో జనం గుండ్రంగా తిరగడం మొదలుపెట్టారు.

నేను వాన కురిపిస్తున్నానని అనుకున్నాను. అంత సంతోషం నా పెళ్లిలో కూడా కలగలేదు. అది ఈ పుస్తకంలో దాచుకోవాల్సిన పని లేదు.

మొదటి బహుమతి మాకే. “రాని వానను ప్రేక్షకుల చేతులతో రప్పించాడు” అన్నాడు జడ్జి. ఫోటోలు తీశారు.

వెనక్కి వచ్చేటప్పుడు కార్లో సుధారాణి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నేనే అడిగాను, నువ్వు కూడా చప్పట్లు కొట్టావు కదా అని.

“కొట్టినా. చెయ్యి దానంతటదే పడింది.”

“అది ఖాళీ కదా, నిశ్శబ్దం ఉండాలని చెప్పాను కదా.”

“ఏం ఖాళీ? గుండం దెబ్బ అది. పెండ్లిమర్రిలో చిన్నప్పుడు మా అమ్మ చెయ్యి పట్టుకొని గుండం చుట్టూ ఎన్ని మార్లు తిరిగింటానో. పన్నెండోది పడేటప్పుడు అందరం కాలు నేలకేసి కొడతాం. ఈడ పుట్టినోళ్లు ఎవరికైనా తెలుసు. మీరు వాన అని మొదలుపెడితిరి, నాకు యాడ తల పెట్టుకోవాల్నో తెల్లే.”

ముందు సీట్లో రాజశేఖర్‌ను అడిగాను, నీకూ తెలుసా అని. వెనక్కి తిరిగి వింతగా చూశాడు. “మా ఇంటి నుంచే కదప్పా గుండానికి కట్టెలు పొయ్యేది. నీకు తెలుసనే అనుకుంటిమి. తొమ్మిదేండ్లు వాయించి తెల్దంటే ఎవరు నమ్ముతారు?”

టౌన్లో పెరిగాను నేను. చిన్నప్పుడు నాయన పంపలేదు. పెద్దయ్యాక అన్సర్ పిలిస్తే పోలేదు. హాల్లో జడ్జికీ నాకూ తప్ప అందరికీ తెలుసు.

జూలై 6, సాయంత్రం

పోయాను. పీర్లు నీళ్లకు బయల్దేరుతుండగా అన్సర్ ఊరికి చేరాను.

చావిడి ముందర గుండం పూడ్చేసి ఉంది. అన్సర్ మెడలో తప్పెట వేసుకుని పీర్ల ముందర నడుస్తున్నాడు. నన్ను చూశాడు. కొట్టడం ఆపలేదు. పదకొండు, ఆ తర్వాత పన్నెండోది. వాడి చేతి నుంచి ఆ దెబ్బ నేను వినడం అదే మొదటిసారి.

అరుగు మీద కూర్చున్న ముసలాయన పిలిచి చేతిలో చక్కెర పెట్టాడు. ఫకీర్ సాహెబ్.

“నువ్వేనా సాయి అంటే? తొమ్మిదేండ్ల నుంచి మావోడు నీ పేరే చెప్తాండాడు నాయనా. నువ్వొస్తావని ప్రతి పండక్కూ చెప్తాడు.”

నేను మాట మార్చి తప్పెట గురించి అడిగాను.

“బ్యాండ్లో చేరేటప్పుడు నన్నడిగె. తాతా, మన దెబ్బ తీస్కపోతా అనె. తీస్కపోరా, పన్నెండోది మాత్రం ఈడ పెట్టిపో అంటి. అది స్వామిది, బయట కొట్టేది కాదు. సరేనని పెట్టిపోయినాడు. ఇంతవరకూ బయట కొట్టలే. శానా మాట మీద ఉండే పిల్లోడు.”

కరువు కాదు, వాన కాదు, ప్రోగ్రెసివ్ కాదు. ఒక మనవడు తాతకిచ్చిన మాట అది. దాని మీద నా పేరు రాసుకున్నాను. చక్కెర చేతిలోనే కరిగి జిగటైపోయింది.

పీర్లు కాలవకు పోయొచ్చాక అన్సర్ వచ్చాడు. తప్పెట గోడకానించి పక్కన కూర్చున్నాడు.

“గెలిస్తిమంట కదా.”

“అన్సర్, ఆ ఫారంలో—”

“మే నాలుగో తేదీనే వచ్చింది మామా నా ఫోన్‌కు. అందరి మెయిళ్లు ఇస్తివి కదా, అందరికీ కాపీ పంపినారు.”

“అప్పుడే అడగొచ్చు కదరా!”

“నువ్వు చెప్తావేమోనని చూస్తి. రెండు నెల్లు చూస్తి. గోడౌన్లో నోరిడిసి అడిగితి గూడా.”

నాకు ఒకే ఒక్క మాట దొరికింది. దొరికిన ఒక్కటీ అనకుండా ఉండాల్సింది. “గడిలో ఒక్క పేరే పట్టేది రా” అన్నాను.

అన్సర్ కాసేపు ఆలోచించాడు. వెటకారం చెయ్యలేదు, నిజంగానే ఆలోచించాడు.

“నీ పేరు కంటే నా పేరు పొట్టిదే కదా మామా.”

లేచి లోపలికి పోయాడు.

జూలై 7

రాఘవేంద్రప్రసాద్‌కు ఉత్తరం రాశాను. రిథమ్ నాది కాదు, అన్సర్‌ది, వాళ్ల తాత ఫకీర్ సాహెబ్‌ది. కరువు మాట నేను ఫోన్లో అప్పటికప్పుడు కల్పించింది. పేరు మార్చండి. నాలుగు వాక్యాలు. మొదటి ప్రతిలో అయిదు పేజీలు వచ్చింది, అందులో నా చిన్నతనం కూడా ఉంది. సుధారాణి చూసి అన్నీ కొట్టేసింది.

జూలై 10

జవాబు వచ్చింది. ఆయన చాలా మర్యాదస్తుడు. నా నిజాయితీ ఆయన్ను కదిలించిందట. సమస్యేమీ లేదట. రిథమ్ గడిలో నా పేరు తీసేసి ‘ట్రెడిషనల్’ అని వేస్తారట.

ట్రెడిషనల్! అంటే ఎవరిదీ కాదని. నేను నా పేరు పెట్టి దొంగతనం చేశాను, ఈయన ఏ పేరూ లేకుండా మర్యాదగా చేస్తున్నాడు. మళ్లీ రాశాను. ఆ దెబ్బ అందరిదీ సరే, దాంట్లోంచి ఒక దెబ్బ తీసి ఈ పాటకు ఇచ్చింది అన్సర్, అతనికి పేరుంది, షాపుంది, ఫోన్ నంబరు మీ ఫారంలోనే ఉంది అని.

జూలై 12

కమిటీ కూర్చుందట. ఉత్సవాల్లో వాయించే దెబ్బ మీద కట్టిన పాట శుద్ధమైన మెటల్ కిందికి రాదని తేల్చారట. మమ్మల్ని ఫ్యూజన్ విభాగంలోకి మార్చారు. అక్కడ బహుమతులు అప్పుడే ఇచ్చేశారు కాబట్టి ప్రశంసాపత్రం పంపుతారు. స్టూడియో లేదు.

గిటారు అటకెక్కించమని నాయన దగ్గరికి తీసుకుపోయాను. “ఆషాఢం అయ్యేదాకా ఆడ చోటు లేదు రా, స్టాకుండాది” అన్నాడు.

జూలై 14

ఉత్తరాలూ జవాబులూ ప్రింటు తీసుకుని అన్సర్ షాపుకు పోయాను. బీరువా తలుపు రుద్దుతున్నాడు. గ్రైండర్ ఆపి, చేతులు తుడుచుకుని, ఒక్కో కాగితం నిదానంగా చదివాడు. నేను పక్కన నిలబడి, ఇక్కడ చూడు, ఈ వాక్యం చూడు అని వేలుపెట్టి చూపించాను. స్టూడియో పోయిన సంగతి రెండుసార్లు చెప్పాను.

మడిచి నా చేతికిచ్చాడు.

“నేనడిగితినా ఇదంతా?”

“నీ కోసమే కదరా. మొత్తం వదులుకున్నాను.”

“వదులుకున్నావు. మంచిదే. నాకు చెప్పాల్సిన మాట ఆయప్పకు రాసినావు, అంతే.”

గ్రైండర్ మళ్లీ వేశాడు. నాకు చాలా కోపం వచ్చింది. మనిషి ఇంకెంత చెయ్యాలి? కాగితాలు రోడ్డు పక్కన పారేద్దామనుకుని మళ్లీ జేబులో పెట్టుకున్నాను.

జూలై 15

వీడికి ఏం చేస్తే సరిపోతుంది?

జూలై 16

తెలుసు.

జూలై 18

అన్సర్ షాపు దాకా పోయి తిరిగొచ్చాను. గిరాకీ ఉంది వాడికి.

జూలై 19

ఈరోజు కాగితాలేవీ తీసుకుపోలేదు. అన్సర్ నన్ను చూసి తల ఊపాడు, పని ఆపలేదు. గ్రైండర్ చెవులు బద్దలయ్యేట్టు మోగుతోంది, నిప్పురవ్వలు లేస్తున్నాయి. నాకు అదే నయమనిపించింది. వాడి భుజం వెనక నిలబడి, “అన్సర్, తప్పు చేశాను. నీది నాదని రాసుకున్నాను. నన్ను క్షమించు” అన్నాను. ఆ మోతలో నా మాట నాకే వినపడలేదు. చెప్పేశాననుకుని వెనక్కి తిరిగాను.

గ్రైండర్ ఆగింది.

“ఏందో అంటివి మామా” అన్నాడు అన్సర్. అద్దాలు నుదుటి మీదికి నెట్టుకున్నాడు. పక్క షాపులో కుర్రాళ్లు కూడా పని ఆపి ఇటే చూస్తున్నారు. “ఇనపల్లే. మళ్లా చెప్పు.”

తొమ్మిదేళ్లు స్పీకర్లు పగిలేట్టు అరిచిన గొంతు నాది. అంత నిశ్శబ్దంలో అది పెగలడానికి చాలాసేపు పట్టింది. వాడు గ్రైండర్ కింద పెట్టేసి, చేతులు కట్టుకుని ఎదురుచూశాడు.

మళ్లీ చెప్పాను.